నీటి మీది వ్రాత

నిలవని మాటకు మనవారు పెట్టిన పేరు నీటి మీది వ్రాత. వ్రాసిన మరుక్షణమే చెరిగిపోయే దానికి అంతకన్న తగిన పోలిక లేదు. అయితే ఆ పనినే వృత్తిగా స్వీకరించి, జీతం పుచ్చుకుని, జీవితకాలమంతా నీటి మీద వ్రాస్తూ గడిపేవారు కొందరున్నారు. వారు కవులు కారు, యోగులూ కారు, ప్రభుత్వ న్యాయవాదులు. సముద్రంలో ఎవరు ఎంత దూరం వెళ్లి వేటాడవచ్చు, ఏ నెలలో వల వేయరాదు, ఏ ప్రాణిని పట్టరాదు, గీత దాటిన పడవను ఏమి చేయాలి అనే ప్రశ్నలకు సమాధానాలు సిద్ధం చేసేది వారే. వారి పేర్లు పత్రికలకెక్కడం అరుదు. కాని వారు వ్రాసిన వాక్యాలను బట్టే వేలాది కుటుంబాలలో పొయ్యి వెలుగుతుంది, ఆరుతుంది.

సముద్రపు గాలి సోకని బిలాస్‌పూర్‌లో కూర్చుని ఈ ముచ్చట ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచి ఈ ఊరి రైల్వే కాలనీలలో తెలుగువారున్నారు. వారిలో ఉత్తరాంధ్ర తీరం వైపునుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఇంట తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఈ కుటుంబాలకు స్వగ్రామంతో బంధుత్వం తెగలేదు. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు ఈ ఊరికే వచ్చింది. ఆ కోర్టులో ప్రభుత్వ న్యాయవాది చేతికి చేపల వ్యాజ్యమంటూ వస్తే అది చెరువు కౌలు తగాదాయో, జలాశయంలో వేటహక్కు తగాదాయో అవుతుంది. చెరువుకు గట్టుంది, జలాశయానికి ఆనకట్ట ఉంది. సముద్రానికి గట్టేది?

రైల్వేలో గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా వీధి పెద్దాయన ఒకరు ఈ సంగతినే మరొక విధంగా అడిగారు. “మా బండికి పట్టాలున్నాయి. దాటకూడని చోట ఎర్రదీపం ఉంటుంది. మన శ్రీకాకుళం కుర్రవాళ్లు గీత దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారే, ఆ గీత ఎక్కడ ఉందండీ?” మాటకు మాట వెతకడమే అనువాదకుల వృత్తి. ఆ ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఎందుకంటే గీత ఒకటి కాదు, అనేకం.

ఒడ్డునుంచి లెక్కపెడదాం. ఆంధ్ర తీరంలో తొలి 8 కిలోమీటర్ల నీరు తెప్పలకు, నాటుపడవలకు కేటాయించినది. మరపడవలు అక్కడ వేటాడరాదు. తరువాతి గీత 12 నాటికల్ మైళ్ల వద్ద, అంటే సుమారు 22 కిలోమీటర్ల దూరాన ఉన్నది. దానిలోపలివి ప్రాదేశిక జలాలు. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో చేపల వేటను రాష్ట్రాల జాబితాలో 21వ అంశంగా చేర్చి, ప్రాదేశిక జలాలకు ఆవలి వేటను కేంద్ర జాబితాలో 57వ అంశంగా చేర్చారు. చేప ఈ గీతను ఎరుగదు. ఉదయం రాష్ట్రానిది, సాయంకాలం కేంద్రానిది అవుతుంది. అటుపైన 200 నాటికల్ మైళ్ల వరకు, అనగా దాదాపు 370 కిలోమీటర్ల వరకు, ప్రత్యేక ఆర్థిక మండలం. 1976లో పార్లమెంటు చేసిన చట్టం ఈ హద్దులను ఖరారు చేసింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయ ఒడంబడిక ప్రపంచమంతటికీ ఇదే కొలతను ఇచ్చింది. భారతదేశం దానిని 1995లో ధ్రువీకరించింది.

ఈ గీతల మధ్య ప్రభుత్వ న్యాయవాది చేసే పని బయటికి ఎంతో నీరసంగా కనిపిస్తుంది. నోటిఫికేషన్ ముసాయిదా వ్రాయాలి. ఎవరో రిట్ వేస్తే కౌంటర్ అఫిడవిట్ తయారుచేయాలి. వాయిదాకు హాజరై, ప్రభుత్వం ఎందుకిలా ఆజ్ఞాపించిందో న్యాయమూర్తికి నచ్చచెప్పాలి. కాని ఆ అఫిడవిట్ వెనుక ఒక తీరమంతా ఉంటుంది. కేరళ ప్రభుత్వం తన ప్రాదేశిక జలాలలో పర్స్‌సీన్ మొదలైన భారీ వలలను నిషేధించినప్పుడు యంత్రపడవల యజమానులు కోర్టుకెక్కారు. వృత్తి స్వాతంత్ర్యం మాకు లేదా అన్నారు. చిన్న పడవలవారి జీవనాన్ని కాపాడడం ప్రజాహితమేనని సుప్రీంకోర్టు 1993లో ఆ నిషేధాన్ని నిలబెట్టింది. అక్కడ ప్రభుత్వపు వకీలు పేదవాని పక్షాన, సముద్రం పక్షాన నిలబడగలిగాడు.

ప్రతిసారీ అంత అదృష్టం పట్టదు. 1990 దశకంలో నెల్లూరునుంచి తంజావూరు వరకు తీరమంతటా రొయ్యల చెరువులు వెలిశాయి. విదేశీ మారకం కోసం వాటిని ప్రోత్సహించినవి ప్రభుత్వాలే. పొలాలు ఉప్పుబారిపోతున్నాయని, బావినీరు చెడిపోతున్నదని గాంధేయవాది, సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడింది. తీరప్రాంత క్రమబద్ధీకరణ మండలంలో, అనగా పోటురేఖనుంచి 500 మీటర్ల మేర, రొయ్యల పరిశ్రమ ఉండరాదన్నది కోర్టు; చిలక, పులికాట్ సరస్సుల చుట్టూ ఆ దూరం 1000 మీటర్లు. సంప్రదాయ సాగుకు మినహాయింపు ఇచ్చింది. తరువాత 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతితో సాగు సాగేందుకు దారి తెరిచింది. ఒకే బల్లవద్ద నిలబడే ప్రభుత్వ న్యాయవాది ఒకనాడు సముద్రాన్ని కాపాడే ఆజ్ఞను సమర్థించాలి, మరొకనాడు దానిని సడలించే చట్టాన్ని సమర్థించాలి. అతని కక్షిదారు సముద్రం కాదు, సర్కారు. ఈ వృత్తిలోని అసలు బరువు ఇదే.

నీటి మీద వ్రాసే గీతలు దూరానికే పరిమితం కావు, కాలానికీ ఉంటాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరపడవలు, మోటారు పడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకునే కాలమది. శాస్త్రం దృష్టిలో సమంజసమే. మరి ఆ 61 రోజులు ఇల్లు గడిచేదెలా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే వేటనిషేధ భృతి 2019లో 10,000 రూపాయలయింది, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. ఇది దయతో ఇచ్చే దానం అనుకునేవారున్నారు. న్యాయశాస్త్రం దృష్టితో చూస్తే అది నిషేధానికి రెండవ సగం. అన్నం పెట్టకుండా ఆకలిని నిషేధించే చట్టం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా ఒడ్డున ఒక్క రోజు నిలవదు.

ఇక గీత దాటినవారి సంగతి. సముద్రన్యాయ ఒడంబడిక క్రింద జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 21 మంది న్యాయమూర్తులతో ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఏర్పడింది. 1999నుంచి 2002 వరకు దానికి అధ్యక్షత వహించినవారు మన తెలుగువారే. కృష్ణా జిల్లా వీరులపాడులో జన్మించిన డాక్టర్ పాటిబండ్ల చంద్రశేఖరరావు ఆ పీఠం ఎక్కకముందు అక్షరాలా ప్రభుత్వ న్యాయవాది. విదేశాంగ శాఖలో న్యాయవ్యవహారాలు చూసి, కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేశారు. వారి అధ్యక్షతన విచారణకు వచ్చిన వ్యాజ్యాలలో ఒకటి ‘కముకో’ అనే పడవది.

పనామా జెండాతో తిరిగే ఆ పడవను 1999 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజే దీవుల సమీపంలో ఫ్రెంచి నౌకాదళం పట్టుకున్నది. అనుమతి లేకుండా టూత్‌ఫిష్ అనే చేపను వేటాడారన్నది అభియోగం. చల్లని లోతు నీటిలో నెమ్మదిగా పెరిగి, దశాబ్దాలు బ్రతికే చేప అది. ఒకసారి ఊడ్చివేస్తే మళ్లీ కోలుకోవడానికి ఒక తరం పడుతుంది. పడవను విడిచిపెట్టాలంటే 2 కోట్ల ఫ్రాంకుల పూచీ చూపమన్నది ఫ్రెంచి కోర్టు. పనామా 2000 జనవరి 17న హాంబర్గ్ తలుపు తట్టింది. వ్యాజ్యమంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఒడంబడిక ప్రకారం పూచీ ‘రీజనబుల్’గా ఉండాలి. తెలుగులో సమంజసం అంటాము. ఎవరికి సమంజసం? చేపను కాపాడుకోవలసిన దేశానికా, ఒడ్డున చిక్కుబడిన పడవవారికా? రెండింటినీ తూచి న్యాయస్థానం 80 లక్షల ఫ్రాంకులని తేల్చింది. పడవను, కెప్టెన్‌ను తక్షణం విడిచిపెట్టమన్నది. తీర్పు వెలువడిన తేదీ ఫిబ్రవరి 7. దరఖాస్తునుంచి తీర్పుకు పట్టినది సరిగ్గా మూడు వారాలు.

ఇప్పుడు శ్రీకాకుళం వైపు చూద్దాం. పొడవైన తీరం ఉన్నా తగిన రేవులు లేక, అక్కడి యువకులు గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద కూలికి పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిని పాకిస్తాన్ సముద్ర భద్రతాదళం పట్టుకున్నది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి స్వదేశానికి వచ్చారు. పదమూడు నెలలకు పైగా వారి ఇళ్లలో ఎదురుచూపే మిగిలింది.

ఒడంబడికలోని 73వ అధికరణం, వేర్వేరు దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రత్యేక ఆర్థిక మండలంలో వేట నియమాల ఉల్లంఘనకు జైలుశిక్ష విధించరాదని స్పష్టంగా చెబుతున్నది. దానికి ఒక సంవత్సరం ముందే, 1981లో, విదేశీ పడవల వేటపై భారతదేశం చేసిన చట్టంలోనూ ఇదే వివేకం ఉన్నది. ప్రాదేశిక జలాలలో నేరానికి మూడేళ్ల వరకు జైలు ఉండవచ్చు. ఆర్థిక మండలంలో నేరానికి జరిమానాయే. భారతదేశం వలెనే పాకిస్తాన్ కూడా ఒడంబడికలో సభ్యదేశం. అయినా ఈ రక్షణ మన జాలరికి ఎందుకు అందలేదు? ఒక కారణం, ప్రాదేశిక జలాలకు ఆ అధికరణం వర్తించదు. రెండవది మరింత విచారకరం. సర్‌క్రీక్ వివాదం తేలకపోవడంతో ఇరు దేశాల మధ్య సముద్రపు సరిహద్దు ఇంతవరకు ఖరారు కాలేదు. పెద్దాయన ప్రశ్నకు నిజమైన సమాధానం ఇదే. ఆ గీతను ఇంకా ఎవరూ గీయలేదు. గీయని గీతను దాటినందుకు మనుషులు జైళ్లలో ఉంటున్నారు.

ఈ రెండు దేశాల న్యాయవాదులు కలిసి నిలబడలేరా? నిలబడ్డారు. ఆలివ్ రిడ్లీ తాబేలు వలలో చిక్కి ఊపిరాడక చనిపోకుండా, రొయ్యల వల మెడలో ఒక ఊచల చట్రం అమర్చి, తాబేలుకు బయటపడే దారి వదులుతారు. ఆ పరికరం వాడని దేశాలనుంచి రొయ్యలు కొనబోమని అమెరికా ఆంక్ష పెట్టినప్పుడు, ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ ఒకే పక్షాన వాదించాయి. తాబేలును కాపాడడం న్యాయమైన ఆశయమే, కాని దేశదేశానికి ఒక తీరుగా ఆంక్షను అమలుచేయడం అన్యాయమని 1998లో అప్పీలు సంస్థ తేల్చింది. రొయ్యల వ్యాపారం కోసం ఒక పక్షాన నిలిచిన రెండు దేశాలు, రొయ్యలు పట్టే మనిషి కోసం నిలవలేకపోవడానికి న్యాయశాస్త్రంలో ఏ అడ్డంకీ లేదు.

2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరు ప్రభుత్వాలు ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలను మార్చుకుంటున్నాయి. అందులో జాలరుల జాబితా ప్రత్యేకంగా ఉంటుంది. జాబితా వ్రాయగల చేతులు మరొక్క పేజీ వ్రాయలేవా? గీత ఎక్కడన్న వాదం ఎన్నాళ్లు సాగినా సాగనీయండి. ఈలోగా పట్టుబడిన జాలరిని ఇన్ని రోజులలో విడిచిపెడతాము, పడవను ఇంత పూచీపై తిరిగి ఇస్తాము అని వ్రాసుకోవడానికి యుద్ధనౌకలు అక్కరలేదు. సమంజసం అన్న మాటకు అర్థం తెలిసిన ఇద్దరు ప్రభుత్వ న్యాయవాదులు, ఒక బల్ల, కొన్ని కాగితాలు చాలు.