శాసనములు – అధిపతుల సమ్మతి

రాష్ట్ర శాసనసభ లామోదించిన బిల్లులపై గవర్నర్లు తమ నిర్ణయమును తెలుపుటకు న్యాయస్థానములు గడువు విధింపజాలవని సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2025 సంవత్సరము నవంబరు 20వ తేదిని రాష్ట్రపతికి అభిప్రాయము నిచ్చినది. అంతకు ఏడు మాసములకు ముందు, ఏప్రిల్ 8వ తేదిని, ఆ కోర్టుననే ఇరువురు న్యాయమూర్తులు తమిళనాడు వ్యాజ్యెములో గడువులను నిర్ణయించి, పది బిల్లులకు సమ్మతి లభించినట్లే భావింపవలెనని తీర్పు చెప్పియుండిరి. ఈ రెంటిలో ఏది రాజ్యాంగ పాఠమునకు సన్నిహితమో న్యాయవాదులు చర్చించుకొనవచ్చును. మాకు తోచినంతవరకు ఈ వివాదము ఒక్క రాష్ట్రమునకు సంబంధించినది గాదు. పరపాలననుండి విడివడిన దేశములు తమ వెంట దెచ్చుకొనిన యొక వారసత్వమునుండి ఇది పుట్టినది.

1935 సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము 75వ సెక్షను ప్రకారము గవర్నరు తన విచక్షణ ననుసరించి బిల్లునకు సమ్మతి నీయవచ్చును, నిరాకరింపవచ్చును, గవర్నరు జనరలు పరిశీలనకై నిలిపియుంచవచ్చును. ఆనాటి గవర్నరు జవాబు చెప్పవలసినది చక్రవర్తికి గాని ప్రజలకు గాదు. కావున అట్టి యధికారము ఆ చట్టమునకు సహజమే. స్వాతంత్ర్యముతో చక్రవర్తి ప్రభుత్వము పోయినది. ఆయన ప్రతినిధి కూర్చుండిన పీఠము నిలిచినది. ఆ పీఠముపై నున్నవారు సంతకము చేయుటను విధిగా నెంచుదురా, అనుగ్రహముగా నెంచుదురా యనుదానిపై నూతన రాజ్యాంగముల బ్రతుకు చాలవరకు ఆధారపడియున్నది.

పాకిస్తాను చరిత్ర ఇందుకు నిదర్శనము. అచ్చటి రాజ్యాంగ నిర్మాణ సభ 1954 సెప్టెంబరులో, మంత్రులను తొలగించుటకు గవర్నరు జనరలునకు గల యధికారమును పరిమితము చేసినది. రాజ్యాంగ ముసాయిదాయు దాదాపు సిద్ధమైయుండెను. ఇంతలో అక్టోబరు 24వ తేదిని గవర్నరు జనరలు గులాం మహమ్మదు ఆ సభ ప్రజావిశ్వాసమును గోల్పోయినదని ప్రకటించి రద్దుచేసిరి. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాను సింధు చీఫ్ కోర్టు నాశ్రయింపగా, ఆ కోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. కాని 1955 మార్చి 21వ తేదిని ఫెడరల్ కోర్టు దానిని త్రోసివేసినది.

త్రోసివేయుటకు చూపిన కారణము గమనింపదగినది. సభను రద్దుచేయుట న్యాయమా యను ప్రశ్నలోనికి కోర్టు ప్రవేశింపలేదు. రిట్లు జారీచేయు నధికారమును కోర్టుల కొసగిన శాసనమునకు గవర్నరు జనరలు సమ్మతి లేదు గనుక ఆ శాసనమే చెల్లదని, అందుచే సింధు కోర్టునకు విచారణాధికారము లేదని ప్రధాన న్యాయమూర్తి మునీరును, ఆయనతో ఏకీభవించినవారును నిర్ణయించిరి. రాజ్యాంగ సంబంధమైన శాసనములకు సమ్మతి యక్కరలేదని ఆ సభయు, ప్రభుత్వమును ఏడేండ్లపాటు నమ్మి వర్తించినవి. న్యాయమూర్తి కార్నీలియసు ఒక్కరే భిన్నాభిప్రాయమును ప్రకటించిరి.

ఒక సంతకము లేమివలన పలు శాసనములు నిరాధారములయ్యెను. అంతట గవర్నరు జనరలు కోర్టు అభిప్రాయమును గోరగా, దేశము అరాచకము పాలుగాకుండ గాపాడుటకు అవసరమే ఆయనకు అధికారము నిచ్చుచున్నదని 1955 మే నెలలో కోర్టు తెలిపినది. ఈ "అవసరము" అను మాట తరువాత సైనికాధిపతుల కెంతయు నుపకరించెను. 1956లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 1958 అక్టోబరు 7వ తేదిని రద్దయ్యెను. సఫలమైన విప్లవము తనంత తానే చట్టమగునని ఆ నెలలోనే సుప్రీముకోర్టు పలికినది. 1972లో ఆ సూత్రమును కోర్టే ఖండించినది. కాని అప్పటికి దానివలన లాభము పొందినవారు పదవులలో లేరు. 1977లో జనరలు జియా అధికారమును కైవసము చేసికొనగా "అవసరము" మరల న్యాయస్థానమున ప్రవేశించినది.

మన దేశపు గతియు నట్లే యైనదని మే మనుట లేదు. మన రాజ్యాంగ పరిషత్తు తన పనిని 1949 నవంబరు 26వ తేదికి ముగించినది. 75వ సెక్షనులోని "తన విచక్షణ ననుసరించి" యను మాటలు 200వ అధికరణమున తొలగింపబడినవి. బిల్లును త్రిప్పి పంపదలచినచో "సాధ్యమైనంత త్వరలో" పంపవలెనని వ్రాయబడినది. ఆ మాటలకు రాజ్యాంగ ప్రాధాన్యము గలదని 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము దెచ్చిన వ్యాజ్యెములో సుప్రీముకోర్టు గుర్తుచేసినది. అయినను మాటలు తొలగినంత మాత్రమున అలవాటు తొలగదు. తమిళనాడు శాసనసభ 2020 మొదలుకొని పంపిన బిల్లులలో కొన్నింటిపై 2023 నవంబరు వరకు నిర్ణయము వెలువడలేదు. అయిదేండ్ల యాయువు గల సభ చేసిన బిల్లును మూడేండ్లు పెట్టెలో నుంచుట నిరాకరించుటకంటె నెట్లు భిన్నమో మాకు బోధపడకున్నది.

శాసనసభలోని అధిక సంఖ్యాకులును హద్దు మీరవచ్చునని, గవర్నరు వారికి పగ్గమని కొందరు వాదింతురు. ఈ వాదము త్రోసిపుచ్చదగినది గాదు. కాని ఆ పగ్గము రాజ్యాంగమున వేఱుగా గలదు. గవర్నరు తన యాక్షేపణలు వ్రాసి బిల్లును త్రిప్పి పంపవచ్చును; రాష్ట్రపతి పరిశీలనకు నిలుపవచ్చును; చట్టమైన పిమ్మట కోర్టులు దానిని కొట్టివేయవచ్చును. ఈ మూడింటను కారణములు చెప్పవలసియుండును, చెప్పిన కారణమునకు ప్రత్యుత్తర మీయవచ్చును. మౌనమునకు ప్రత్యుత్తర మేమి గలదు?

ఊరక నిరాకరించి బిల్లును తనయొద్ద నుంచుకొనుటకు వీలులేదని, కారణము చెప్పక దీర్ఘకాలము ఊరకుండినచో ఏదో యొక నిర్ణయము చేయుమని పరిమితముగా ఆదేశింపవచ్చునని నవంబరు అభిప్రాయము పలుకుట సంతోషకరము. లేని సంతకమును ఉన్నట్లు భావించుట న్యాయస్థానముల పని గాదనుటయు సమంజసమే. సదుద్దేశముతో నైనను పాఠమునందు లేని దానిని అవసరమను పేరున కల్పించుట ఎంతదూరము పోవునో కరాచీ అనుభవము చెప్పుచున్నది. అయితే "దీర్ఘకాలము" అనగా నెంతకాలము? దీనిని ప్రతి బిల్లునకు ఒక్కొక వ్యాజ్యెము వేసి తేల్చుకొనవలసిన యవస్థ రాష్ట్రములకు మిగిలినది.

ఇందుకు తగిన మార్గము రాజ్యాంగ సవరణమే. రాష్ట్రపతి త్రిప్పి పంపిన బిల్లును శాసనసభ ఆరు నెలలలోపల పునరాలోచింపవలెనని 201వ అధికరణము విధించుచున్నది. ప్రజలెన్నుకొనిన సభకు గడువు విధించిన రాజ్యాంగము, ప్రజలెన్నుకొనని గవర్నరునకు విధింపకుండుట సరిదిద్దవలసిన లోపము. గవర్నరు ఆరు నెలలలో నిర్ణయింపవలెనని పుంఛీ సంఘము 2010లోనే సూచించియున్నది. నేడు కేంద్రమున అధికారము నెరపు పక్షము రేపు రాష్ట్రములలో మాత్రమే మిగులవచ్చును. తమకు నేడుపకరించు మౌనము రేపు తమకే యడ్డుపడునని గ్రహించి, పార్లమెంటులోని అన్ని పక్షములవారును ఈ సవరణమునకు పూనుకొందురుగాక.