మూసేసిన పేజీ మళ్లీ తెరుచుకుంది

ఒకే కాగితం మీద పదిమంది ఒకేసారి రాస్తే? అంతా గజిబిజి! కంప్యూటర్‌లో మాత్రం అది చక్కగా కుదురుతుందని 2008లో ఈథర్‌ప్యాడ్ చూపించింది. ఎవరు ఏ ఊళ్లో ఉన్నా ఇంటర్నెట్‌లో ఒకే పేజీ తెరుచుకుంటారు. ఒకరు కొట్టిన అక్షరం మరుక్షణంలో అందరి తెరల మీదా కనిపిస్తుంది. ఎవరి రాతకు వారి రంగు.

దీన్ని తయారుచేసింది ఆప్‌జెట్ అనే చిన్న అమెరికా కంపెనీ. 2009 డిసెంబరులో దాన్ని గూగుల్ కొనేసింది. తన సొంత ప్రాజెక్టు 'వేవ్' కోసం ఆ బృందాన్ని తీసుకుని, ఈథర్‌ప్యాడ్‌ను మూసేస్తామంది. వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో అదే నెలలో ప్రోగ్రామ్‌ను ఓపెన్‌సోర్సుగా ఇచ్చేసింది. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు. అసలు వెబ్‌సైటు మాత్రం 2010 మేలో మూతపడింది.

తీరా చూస్తే, చేతికొచ్చిన ప్రోగ్రామ్ బాగా బరువు. చిన్న సర్వర్లు మోయలేవు. అందుకే కొందరు ఔత్సాహికులు 2011లో 'నోడ్ జేఎస్' సాయంతో దాన్ని తేలిగ్గా ఉండేలా తిరగరాశారు. అదే 'ఈథర్‌ప్యాడ్ లైట్'. వికీపీడియా వెనకున్న వికీమీడియా సంస్థ కూడా సమావేశాల నోట్సు కోసం దాన్ని తన సర్వర్‌లో పెట్టుకుంది.

విచిత్రం ఏమిటంటే, 'వేవ్' పనిని గూగుల్ 2010 ఆగస్టులోనే ఆపేసింది. ఆ ప్రోగ్రామ్ కూడా ఓపెన్‌సోర్సుగానే అపాచీ సంస్థ చేతికి వెళ్లింది. కానీ పనిచేసేవాళ్లు కరవై 2018లో ఆ ప్రాజెక్టు ముగిసిపోయింది. ఇంటి తాళాలు చేతికిచ్చినంత మాత్రాన సరిపోదు... రోజూ దీపం పెట్టేవాళ్లూ ఉండాలి మరి!