చిట్టా ఎవరిది?

మొన్న సాయంకాలం మా వీథి కుర్రవాడొకడు వచ్చి, "బాబాయిగారూ, జావాలో ఒక లైబ్రరీ వ్రాశాను. ఓపెన్ సోర్స్‌గా ఉచితంగా ఇస్తున్నాను. లాగింగుకు ఏ ఫ్రేమువర్కు పెట్టమంటారు?" అని అడిగాడు. ఇంటింటా ఇంజనీర్లున్న ఈ రోజులలో ఈ సందేహం మన పిల్లలలో మరికొందరికీ కలిగి ఉండవచ్చు గనుక జవాబు ఇక్కడే వ్రాస్తున్నాను.

లాగింగంటే చిట్టా వ్రాయడమే. ప్రోగ్రాము ఏ వేళ ఏమి చేసినదీ, ఎక్కడ తప్పినదీ వరుసగా వ్రాసుకొంటుంది. రేపు పొరపాటు వెదకవలసి వస్తే అదే ఆధారం.

సొంత ప్రోగ్రామయితే ఏ చిట్టా అయినా పెట్టుకోవచ్చు. లైబ్రరీ అట్లా కాదు; అది ఇతరులు తమ ప్రోగ్రాములలో చేర్చుకొనేది. పెళ్ళింటికి వచ్చిన వంటమనిషి వంటిది. నెయ్యి ఎంత ఖర్చయినదో చెప్పడం వంటమనిషి వంతు. ఏ పుస్తకంలో ఎంత వివరంగా వ్రాయాలో ఇంటి యజమాని ఇష్టం. వంటవాడొక పుస్తకం, పందిరివాడొక పుస్తకం తెచ్చిపెడితే లెక్క తేలేదెట్లా? జావాలో ఇదే జరిగింది. లాగ్4జె ఉండగానే 2002లో జావా 1.4తో మరొక లాగింగు వచ్చింది. ఒక లైబ్రరీ దానిని, మరొకటి దీనిని పట్టుకొంటే, రెండూ వాడే ప్రోగ్రాముకు రెండు చిట్టాలు!

ఈ చిక్కు తీర్చడానికే ఎస్‌ఎల్‌ఎఫ్4జె. అది చిట్టా కాదు, చిట్టాకు కబురందించే మనిషి. ఆ కబురు లాగ్‌బ్యాక్‌కు పోవాలా, లాగ్4జెకు పోవాలా అన్నది ప్రోగ్రాము యజమాని నిర్ణయం. ఏ చిట్టా ఏర్పాటు కాకపోతే ఒక హెచ్చరిక చేసి, ఏమీ వ్రాయక ఊరుకొంటుంది. పైథానులోనూ మర్యాద ఇదే: లైబ్రరీ తనంతట తాను నల్‌హ్యాండ్లరు తప్ప మరే హ్యాండ్లరూ తగిలించరాదు.

"ఇంత చిన్నదానికి ఇంత ఆలోచనా?" అన్నాడు కుర్రవాడు. 2021 డిసెంబరు సంగతి చెప్పాను. అప్పుడు లాగ్4జె రెండవ తరంలో ఒక లోపం బయటపడింది. బయటివాడు పంపిన మాటను చిట్టాకెక్కిస్తూ, అందులో ఆజ్ఞ ఉంటే దానిని పాటించి, వాడు చూపిన చోటినుండి ప్రోగ్రాము తెచ్చి నడిపేది. దొంగ పేరు వ్రాసుకోబోయి వాడికే తాళంచెవి ఇచ్చినట్లు! తీవ్రతకు వేసే మార్కులలో పదికి పది వచ్చినవి. దిద్దిన కూర్పు త్వరలోనే వచ్చినా, తమ ప్రోగ్రాములో అది ఏ లైబ్రరీ చాటున దాగి ఉన్నదో తెలియక ఎందరో రాత్రింబగళ్ళు వెదికారు. లోపమున్నది చిట్టా వ్రాసే లాగ్4జె-కోర్‌లో. కబురందించే లాగ్4జె-ఎపిఐలో లేదు. ఎపిఐతో సరిపెట్టుకొన్న లైబ్రరీల వెంట ఆ ముప్పు ఎవరింటికీ పోలేదు.

కనుక నాయనా, ఎస్‌ఎల్‌ఎఫ్4జె ఎపిఐ ఒక్కటే చేర్చు. వ్రాసే చిట్టాను నీ పరీక్షలకు మాత్రం ఉంచుకో. ఆ ఒక్కటీ బరువనుకొంటే, 2017లో జావా 9తో వచ్చిన సిస్టం.లాగర్ భాషలోనే ఉన్నది. ఏది వాడినా ఎవరి పాస్‌వర్డూ చిట్టాకెక్కనీయకు. ఉచితంగా ఇచ్చేదే అయినా, పుచ్చుకొన్నవారింటికి దానితోపాటు వారడగని వస్తువు పోరాదు.

ఆ రాత్రే లైబ్రరీలోనుండి లాగ్‌బ్యాక్ వరుస కొట్టివేశానని కుర్రవాడు కబురు చేశాడు.