మూట కట్టేది ఒకరు, జవాబు చెప్పాల్సింది మరొకరు

ప్రోగ్రామర్లు ఏఐ చాట్‌బాట్ల సాయం తీసుకునే తీరు రెండు మూడేళ్లలోనే మారిపోయింది. 2023లో తప్పు వస్తున్న పది వరుసల కోడ్‌ను కాపీ చేసి అతికించేవారు. ఇప్పుడు ప్రాజెక్టు మొత్తాన్నీ చాట్‌బాట్ ముందు పెడుతున్నారు. ఫోల్డరులోని ఫైళ్లన్నిటినీ ఒకే టెక్స్ట్ ఫైలుగా కలిపే కమాండ్‌లైన్ టూల్స్ ఇందుకోసమే పుట్టాయి. సైమన్ విల్లిసన్ రాసిన ‘ఫైల్స్ టు ప్రాంప్ట్’, జపాన్‌లో మొదలైన ‘రిపోమిక్స్’ వీటిలో పేరున్నవి. రెండూ 2024లో వచ్చాయి. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. ఇవి పనిని సులువు చేశాయనడంలో సందేహం లేదు. అయితే ఆ మూటలో ఎవరి వివరాలు పోతున్నాయో, పోతే జవాబు చెప్పాల్సింది ఎవరో ఈ టూల్స్ చెప్పవు.

పెద్ద సంస్థలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాయి. ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తెలిశాక 2023 మేలో శామ్‌సంగ్ అలాంటి ఏఐ సాధనాల వాడకంపై ఆంక్షలు పెట్టింది. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన సిబ్బందికి చెప్పింది. చిన్న వ్యాపారాలకు ఇలా కట్టడి చేసే ఐటీ విభాగం ఉండదు.

వడోద్‌లో ఒక లెక్కల ఫోల్డర్

సూరత్‌నే తీసుకుందాం. పాండేసర పారిశ్రామికవాడ దగ్గరున్న వడోద్ చుట్టుపక్కల మరమగ్గాలు, డైయింగ్, ప్రింటింగ్ మిల్లులే చాలామందికి బతుకుతెరువు. తెలంగాణ నుంచి తరాల క్రితమే వలస వెళ్లిన నేత కుటుంబాలు ఈ నగరంలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

మీటరు లెక్కన కూలి, అడ్వాన్సులు, జాబ్‌వర్క్ బిల్లులు, జీఎస్టీ వంటి పద్దులు చూసే సాఫ్ట్‌వేర్‌ను ఇలాంటి చోట ఒక్క ప్రోగ్రామరే చేసిపెట్టాడనుకుందాం. కూలి లెక్కలో తేడా వస్తోందని మగ్గాల యజమాని ఫోన్ చేశాడు. ప్రోగ్రామర్ ఒక్క కమాండ్‌తో ఫోల్డరంతా మూటకట్టి చాట్‌బాట్‌కు ఇచ్చాడు. ఐదు నిమిషాల్లో తప్పు దొరికింది. కానీ సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకున్న గత నెల కూలి పట్టీ కూడా ఆ ఫోల్డరులోనే ఉంది. కార్మికుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరికి ఎంత అప్పుందో అన్నీ ఆ పట్టీలో ఉన్నాయి.

కాపలా ఎంతవరకు?

ఈ టూల్స్‌లో జాగ్రత్తలు లేకపోలేదు. రెండూ ‘గిట్ఇగ్నోర్’ జాబితాలో ఉన్న ఫైళ్లను వదిలేస్తాయి. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లను ‘ఫైల్స్ టు ప్రాంప్ట్’ మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప కలపదు. పాస్‌వర్డులు సాధారణంగా ఉండే ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైలు అలా తప్పించుకుంటుంది. ‘రిపోమిక్స్’ ఇంకో అడుగు ముందుకేసి ‘సీక్రెట్‌లింట్’తో ఫైళ్లను వెతికి, రహస్య తాళాల్లా కనిపించేవాటిని పట్టుకుంటుంది.

ఈ కాపలా అంతా కోడ్ రాసేవాడి రహస్యాల కోసమే. క్లౌడ్ ఖాతా తాళానికి ఒక నిర్దిష్ట రూపం ఉంటుంది కాబట్టి యంత్రం దాన్ని గుర్తుపడుతుంది. మనిషి పేరుకూ, అతని అప్పుకూ అలాంటి రూపం ఉండదు. మామూలు పేరున్న సీఎస్‌వీ ఫైలు, గిట్ఇగ్నోర్‌లో రాయకపోతే, నేరుగా మూటలోకి వెళ్తుంది.

చట్టం ఎవరిని అడుగుతుంది?

వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం ప్రకారం సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిదే బాధ్యత. వారి తరఫున వేరొకరు ఆ పని చేసినా అది తప్పదు. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

మన ఉదాహరణలో మూట కట్టింది ప్రోగ్రామర్. చట్టం ముందుగా అడిగేది మాత్రం మగ్గాల యజమానిని. అసలు అలాంటి టూల్ ఒకటుందని కూడా ఆయనకు తెలియకపోవచ్చు. తన పేరూ అప్పూ ఊరు దాటి ఏ సర్వరుకు చేరాయో కార్మికుడికి అంతకన్నా తెలియదు.

చిన్న మూటే చవక

జాగ్రత్తగా ఉండటానికి ఖర్చు కూడా ఒక కారణం. చాట్‌బాట్ అక్షరాలను టోకెన్లుగా ముక్కలు చేసి చదువుతుంది. ఏపీఐ బిల్లు ఆ టోకెన్ల లెక్కనే పడుతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్ఏఐ చూపిన నమూనాలో ఒకే విషయానికి ఇంగ్లీషులో 24 టోకెన్లు, గుజరాతీలో 33, తెలుగులో 45 పట్టాయి. అంతకుముందు పద్ధతిలో తెలుగుకు 159 అయ్యేవి. మెరుగైనా మన లిపి ఇంకా ఖరీదే. గుజరాతీలోనో తెలుగులోనో పేర్లు నింపిన కూలి పట్టీ మూటలోకి వెళ్తే గోప్యతతోపాటు డబ్బూ పోతుంది.

చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. అసలు పట్టీని కోడ్ ఫోల్డరు బయట ఉంచి, కల్పిత పేర్లతో నమూనా పట్టీ పెట్టుకోవాలి. ఏయే ఫైళ్లు కలపాలో టూల్‌కు పేరుపేరునా చెప్పాలి. పంపేముందు ఆ టెక్స్ట్ ఫైలును తెరిచి చూడాలి. ఖాతాదారుల వివరాలను ఏఐ సేవలకు ఇవ్వకూడదన్న వాక్యాన్ని యజమానులు ఒప్పందంలో రాయించుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఎంతకు చేస్తావని అడిగే యజమాని, తన కార్మికుల పట్టీ ఎక్కడ ఉంటుందని కూడా అడగాలి.