తుపాకీ పట్టినవాడొక్కడే సైనికుడా?



మొన్న రాత్రి అన్నాల దగ్గర మిలిటరీ సంగతి వచ్చింది. పదో తరగతి అన్న ఒకడు "నేను లారీలు, తుపాకులు బాగుచేసే దాంట్లో చేరతాను" అన్నాడు. అంతే, వరండా అంతా నవ్వులు. "స్పానర్ పట్టుకుని యుద్ధానికెళ్తావా?" అన్నారు. అప్పట్నుంచీ ఆ అన్న పేరే స్పానర్ అయిపోయింది. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఇప్పుడు ఆయన మిలిటరీ మాటే ఎత్తడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

విజ్ఞాన యాత్రలో ద్రాక్షారామం వెళ్ళాం కదా. భీమేశ్వరస్వామి దర్శనం అయ్యాక బస్సు స్టార్ట్ కాలేదు. మనమంతా దిగి తోసినా కదల్లేదు. పక్క షెడ్డులోంచి ఒక ముసలాయన వచ్చి, డీజిల్ ఫిల్టరు విప్పి కడిగి, పైపులో పట్టిన గాలి తీసేశారు. అరగంటలో బండి కదిలింది. ఆయన మిలిటరీలో ఈ.ఎం.ఇ. అనే దాంట్లో పనిచేసి రిటైరయ్యారట. "ఎన్నిసార్లు తుపాకీ కాల్చారు తాతగారూ?" అని అడిగాను. "కాల్చడం కాదు బాబూ, చెడిపోయినవి బాగుచేయడం నా పని. అవైతే లెక్కే లేదు" అన్నారు.

వచ్చాక సార్‌ని అడిగి తెలుసుకున్నాను. సైన్యం వెనక మూడు దళాలున్నాయి. బియ్యం, పప్పు, పెట్రోలు అందించేది ఆర్మీ సర్వీస్ కోర్. తూటాలు, గుండ్లు, బట్టలు, విడి భాగాలు ఇచ్చేది ఆర్డినెన్స్ కోర్. చెడిన తుపాకులు, టాంకులు, లారీలు బాగుచేసేది ఈ.ఎం.ఇ. ఇది రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1943 అక్టోబరు 15న మొదలైంది. ఆర్డినెన్స్ వాళ్ళకీ, ఈ.ఎం.ఇ. వాళ్ళకీ శిక్షణ కేంద్రాలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

1999 కార్గిల్ యుద్ధం చూడండి. మన ఫిరంగులు రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చాయి. బోఫోర్స్ గుండు ఒక్కోటీ 40 కిలోల పైనే. అంటే ఒక్కో గుండూ ఇంచుమించు బియ్యం బస్తా. మన స్టోర్ రూములోకి పది బస్తాలు మోస్తేనే నడుం పట్టేస్తుంది కదా! అన్ని గుండ్లు కొండల్లోకి ఎవరు చేర్చారు? లారీల వాళ్ళు. లారీ వెళ్ళలేని చోటికి కంచర గాడిదల మీద సామాను వెళ్ళింది. పేల్చిపేల్చి ఫిరంగి గొట్టం అరిగిపోతే చూసి మార్చేది మెకానిక్కే.

"ముందు నిలబడేవాడికే కదా ప్రాణగండం" అని మీరనొచ్చు. ముందున్నవాడికి గండం ఎక్కువే, కాదనను. కానీ ఆ యుద్ధం మొదట్లోనే, మే 9న, శత్రువు గుండ్లకి కార్గిల్‌లో మన మందుగుండు డిపో పేలిపోయింది. లారీలు నడిచే రోడ్డు మీదా గుండ్లు వేశారు. స్పానర్ విలువ శత్రువుకి బాగా తెలుసు. మనకే తెలియలేదు.

మన మన్యం కథే తీసుకోండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు గారూ, మన తాతలూ చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డారు. దేనికి? తుపాకుల కోసం. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. అవి అయిపోతే మళ్ళీ ఇచ్చే డిపో లేదు. తుపాకీ చెడితే వర్క్‌షాపు లేదు. అన్నం పెట్టింది గూడేలే. అవతల తెల్లదొరలకి మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చారు, వెనక నుంచి రేషను, మందుగుండు వస్తూనే ఉంది. 1924 మే 7న రాజుగారిని కాల్చి చంపేశారు. మనవాళ్ళకి ధైర్యం తక్కువై కాదు. వెనక సరఫరా లేక. ఆ రెండేళ్ళూ అడవిలో అంబలి మోసిన ఆడవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి మిత్రులారా, ఆ అన్నని స్పానర్ అని వెక్కిరించకండి. 2022లో అగ్నివీర్ వచ్చాక కూడా టెక్నికల్, స్టోర్ కీపర్, ట్రేడ్స్‌మన్ అని వేరేగా తీసుకుంటున్నారు. అవీ సైనికుడి ఉద్యోగాలే.

వార్డెన్ గారికి ఒక మనవి. మన బోరు మోటారు చెడినప్పుడల్లా నీళ్ళకి వాగు దాకా పోతున్నాం. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు మాలో ఇద్దర్ని పక్కన ఉండి నేర్చుకోనివ్వండి. మొదటి పేరు ఆ అన్నది రాయండి, రెండోది నాది.

నవ్వినందుకు అన్నా, నన్ను క్షమించు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి