పాతికేళ్ళు పనిచేసినా హెల్పరేనా?



"మీవాళ్ళకు నైపుణ్యం లేదు, అందుకే పైకి రాలేకపోతున్నారు." యాజమాన్యంతో చర్చలకు కూర్చున్న ప్రతిసారీ మాకు వినిపించే మాట ఇదే. ఇందులో నిజమెంతో చూద్దాం.

మన షెడ్డులో షటిల్ మగ్గాలు పీకేసి రేపియర్ మగ్గాలు దించారు. వాటికోసం డిప్లొమా చదివిన కుర్రాళ్ళను బయటినుంచి తెచ్చారు. పోగు ఎందుకు తెగుతుందో, షెడ్డులో తేమ తగ్గితే ఏమవుతుందో, ఏ చప్పుడు వింటే మగ్గం ఆపాలో వాళ్ళకు నేర్పిందెవరు? పాతికేళ్ళుగా అక్కడే నిలబడ్డ మనవాళ్ళు. నేర్చుకున్నవాడు ఏడాది తిరక్కుండా సూపర్‌వైజర్ అయ్యాడు. నేర్పినవాడు ఇంకా హెల్పరే! ఆ కుర్రాళ్ళమీద మాకు కోపం లేదు. వాళ్ళూ కష్టజీవుల బిడ్డలే. గురువుకే నైపుణ్యం లేదనే యాజమాన్యంతోనే మా తగవు.

ఈ జబ్బు కొత్తది కాదు. పూర్వం బొంబాయి మిల్లుల్లో పని ఇప్పించడం, ఊడగొట్టడం జాబర్ చేతిలో ఉండేది. మామూలు ముట్టజెప్పినవాడికి, అతని ఊరివాడికి, అతని కులంవాడికి ముందు పని దొరికేది. కూలి ఎక్కువ వచ్చే నేత ఖాతాలోకి దళిత కార్మికులను రానిచ్చేవారు కాదు. కండె మార్చినప్పుడల్లా షటిల్ కంటిలోంచి పోగును నోటితో పీల్చాలి కనుక అంటు తగులుతుందని సాకు. 1928 సమ్మె కాలంలో డాక్టర్ అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని యూనియన్ నాయకుల ముందు పెట్టారు. ఆ తలుపు మూసింది యజమానులొక్కరే కాదు, తోటి కార్మికులు కూడా. ఈ సంగతి దాచుకుంటే మన జెండాకు గౌరవం ఉండదు. షటిల్ పీల్చే రోజులు పోయాయి. 'మనవాడేనా' అని అడిగి పైకి లాగే అలవాటు పోయిందా? ఎవరికి వారు గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

ఆడపడుచుల సంగతి చూడండి. షోలాపూర్ కార్ఖానాల్లో కండెలు చుట్టేచోట, టవళ్ళ అంచులు కుట్టేచోట వాళ్ళే ఎక్కువ. పెళ్ళినాడు ఏ పనిలో చేరారో మనుమలు పుట్టినా అదే పని. మగ్గం బిగించడం నేర్చుకుంటావా అమ్మా అని వాళ్ళలో ఒక్కరినైనా అడిగారా?

శిక్షణ ఇస్తే ఖర్చవుతుందని సేట్లు అంటారు. తర్ఫీదు లేని చేతిలో గుడ్డ పాడైతే కోత కోసేది మాత్రం మన కూలిలోనే! పైకి పోయే దారి కనిపిస్తే ఏ కార్మికుడూ పక్క కార్ఖానాకు పోడు. దారి మూసేసి, మనుషులు నిలవడం లేదని ఏడ్వడం ఎందుకు?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లతో మాకు తగవులు చాలా ఉన్నాయి. అయినా నియామక పత్రం ఇవ్వాలని వాటిలోనే రాసి ఉంది. ఒకే కార్ఖానాను నాలుగు పేర్లతో ముక్కలు చేసి చట్టం తప్పించుకునేవారికి ఆ కాగితమంటే భయం. కాగితం లేకపోతే సర్వీసు లేదు. సర్వీసు లేకపోతే ప్రమోషన్ అడిగే హక్కు ఎక్కడిది?

అందుకే మేము కోరుతున్నాము:

1. ప్రతి కార్మికునికి, కార్మికురాలికి పని పేరు, చేరిన తేదీ రాసిన నియామక పత్రం ఇవ్వాలి.

2. ప్రమోషన్ నియమాలను తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో గేటు దగ్గర అంటించాలి.

3. కొత్త మగ్గాల శిక్షణ పని వేళల్లోనే, కూలి కోయకుండా ఇవ్వాలి. ముందు అవకాశం లోపలివారికే.

4. సూపర్‌వైజర్ ఖాళీల్లో సగం షెడ్డులో పనిచేసేవారితో నింపాలి. చేతిపనికి పరీక్ష పెట్టండి. ఇంగ్లీషు కాగితానికి కాదు.

5. జాబర్, ఫిట్టర్ పనులు స్త్రీలకూ నేర్పాలి.

ఇది దయాధర్మం కాదు. మన చెమటకు రావలసిన బాకీ. మన పిల్లలు మిల్లు పేరు చెబితేనే మొహం తిప్పుకుంటున్నారంటే, పని నీచమైనదని కాదు, ఆ పనిలో నాన్న ఒక్క మెట్టు ఎక్కడం వాళ్ళు చూడలేదు. ఈ కోర్కెలపై ప్రతి ఖాతాలో సంతకాలు సేకరించండి. కులం, భాష, ఆడ, మగ తేడా లేకుండా గేటు మీటింగుకు కదలి రండి!