మొత్తం అంకెతో సరిపెట్టుకోవడం తగదు: వ్యవసాయ వెబ్‌సైట్ల శోధన సందర్శనలను పేజీ రకాన్ని బట్టి లెక్కించాలి

వరి, మినుము, మిరప దిగుబడులను ఒకే కుప్పగా పోసి, ఆ కుప్పకు సగటు కట్టి సమర్పించిన పట్టికను ఏ వ్యవసాయ పరిశోధన పత్రికా ప్రచురణకు అంగీకరించదు. పంటను బట్టి, రకాన్ని బట్టి, నేలను బట్టి, కాలాన్ని బట్టి విడదీసి చూడటం ఈ శాస్త్రానికి ప్రాథమిక నియమం. అయితే అవే పరిశోధన ఫలితాలను రైతులకు చేరవేసే వెబ్‌సైట్ల పనితీరును అంచనా వేసేటప్పుడు ఈ నియమం తరచుగా మరుగున పడుతున్నది. "ఈ ఏడాది మా వెబ్‌సైటును ఇన్ని లక్షల మంది సందర్శించారు" అన్న ఒక్క వాక్యంతో సమీక్ష ముగుస్తున్నది. వచ్చినవారు ఏ పేజీకి వచ్చారు, ఏమి వెతుకుతూ వచ్చారు, వెతికినది దొరికిందా అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో సమాధానం లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు తమ వెబ్‌సైట్లకు గూగుల్ వంటి శోధన యంత్రాల ద్వారా వచ్చే సందర్శనలను పేజీ రకాన్ని బట్టి విడదీసి నమోదు చేయడం ఇక ఐచ్ఛికం కాకూడదు.

ఒక్క అంకె దాచే వాస్తవం

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. ఒక వెబ్‌సైటుకు గత జూన్‌లో శోధన ద్వారా 10,000 సందర్శనలు వచ్చాయనుకుందాం. వాటిలో 2,000 ప్రవేశాలు, ఫలితాల పేజీలకు, 5,000 పంటల సాగు పేజీలకు, 3,000 చీడపీడల పేజీలకు వచ్చాయి. ఈ జూన్‌లో ప్రవేశాలు, ఫలితాల పేజీలకు 8,000, సాగు పేజీలకు 3,500, చీడపీడల పేజీలకు 1,500 వచ్చాయి. మొత్తం 13,000. నివేదికలో 30 శాతం వృద్ధి అని రాస్తారు. వాస్తవానికి సాగు సమాచారం కోసం వచ్చినవారు 30 శాతం, చీడపీడల సమాచారం కోసం వచ్చినవారు 50 శాతం తగ్గారు. విద్యార్థుల రద్దీ రైతుల నిష్క్రమణను కప్పివేసింది.

ఇది కేవలం లెక్కల చమత్కారం కాదు. ఈ అంకెల ఆధారంగానే సిబ్బందిని, నిధులను, శ్రద్ధను ఎటు మళ్లించాలో నిర్ణయిస్తారు. వృద్ధి కనిపిస్తున్న చోట మరమ్మతు అవసరమని ఎవరికీ తోచదు. వెబ్‌సైటును కొత్త రూపంలోకి మార్చినప్పుడు పాత పేజీల చిరునామాలను కొత్తవాటికి మళ్లించకపోతే, ఏళ్ల తరబడి శోధనలో ముందు వరుసలో ఉన్న సలహాల పేజీలు ఒక్కసారిగా అదృశ్యమవుతాయి. మొత్తం అంకెను మాత్రమే చూసేవారికి ఆ నష్టం ఫలితాల ప్రకటన నాటి రద్దీలో కలిసిపోతుంది.

పేజీ రకం ఎందుకు ముఖ్యం

ఒక్కో రకం పేజీకి వచ్చే పాఠకుని అవసరం వేరు, ఆ అవసరం తలెత్తే కాలం వేరు. సాగు పద్ధతుల పేజీని రైతు విత్తడానికి ముందు తీరికగా చదువుతాడు. చీడపీడల పేజీని తెరిచే రైతు చేతిలో అప్పటికే మచ్చలు పడిన ఆకు ఉంటుంది. వాతావరణ ఆధారిత సలహాల పేజీ విలువ కొద్ది రోజులే. విత్తన లభ్యత పేజీకి తొలకరికి ముందు గిరాకీ, ఆ తరువాత నిశ్శబ్దం. నోటిఫికేషన్ల పేజీకి రైతుతో సంబంధమే లేదు. ఇన్ని స్వభావాలు గల పేజీలకు ఒకే సగటు స్థానాన్ని, ఒకే క్లిక్ శాతాన్ని లెక్కించడం అర్థరహితం.

ఈ విధమైన విభజన వ్యవసాయ విస్తరణకు కొత్తదేమీ కాదు. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లలో రైతు అడిగిన ప్రశ్నను పంట, ప్రశ్న రకం వారీగా నమోదు చేస్తారు. ఫోనులో అడిగిన ప్రశ్నకు ఉన్న గౌరవం వెబ్‌లో వెతికిన ప్రశ్నకు ఎందుకు ఉండకూడదు?

సాధనాలు చేతిలోనే ఉన్నాయి

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామాలోని భాగాన్ని బట్టి వడపోసే సౌకర్యం ఉన్నది. పంటల పేజీలన్నీ ఒక ఫోల్డరులో, చీడపీడల పేజీలన్నీ మరొక ఫోల్డరులో ఉంటే ఒక్క వడపోతతో ఆ రకానికి ఎన్ని ఇంప్రెషన్లు, ఎన్ని క్లిక్‌లు వచ్చాయో తెలుస్తుంది. గూగుల్ అనలిటిక్స్‌లో ప్రతి పేజీకి 'కంటెంట్ గ్రూప్' పేరు జోడించవచ్చు. గణాంకాలను సొంత సర్వరులోనే ఉంచుకోదలచిన సంస్థలకు మటోమో వంటి ఓపెన్ సోర్స్ సాధనం అందుబాటులో ఉన్నది. పేజీల చిరునామాలు అర్థం లేని సంఖ్యలతో ఉన్నచోట, ఏ పేజీ ఏ రకానికి చెందుతుందో సూచించే పట్టికను ఒక్కసారి తయారు చేసుకుంటే చాలు.

లెక్కించేటప్పుడు సందర్శకుడు శోధన నుంచి మొదట దిగిన పేజీనే ప్రమాణంగా తీసుకోవాలి. ఆ తరువాత అతడు చూసిన పేజీలను కూడా శోధన ఖాతాలో వేస్తే విభజన మళ్లీ కలగాపులగమవుతుంది.

విడదీసి చూసినప్పుడే అసలు లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది. మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే రైతు దానిని 'పై ముడత' అంటాడు, కిందికి ముడుచుకుంటే 'కింది ముడత' అంటాడు. మొదటిదానికి తామర పురుగులు, రెండవదానికి నల్లి కారణమని శాస్త్రజ్ఞునికి తెలుసు. పేజీ శీర్షికలో 'తామర పురుగుల సమగ్ర యాజమాన్యం' అని మాత్రమే ఉంటే, ముడత అని వెతికిన రైతుకు అది తన పేజీ అని తెలియదు. చీడపీడల పేజీలకు ఇంప్రెషన్లు ఎక్కువగా ఉండి క్లిక్‌లు తక్కువగా ఉంటే శీర్షికలోని భాషను ముందుగా అనుమానించాలి. ఇంప్రెషన్లే లేకపోతే పేజీ శోధన యంత్రానికి అందలేదని గాని, రైతు వాడే పదాలు అందులో లేవని గాని గ్రహించాలి. ఈ రెండు లోపాలకు చికిత్సలు వేరు.

లెక్కకు అందని పీడీఎఫ్‌లు

వ్యవసాయ సంస్థల సమాచారంలో అధిక భాగం పీడీఎఫ్ రూపంలో ఉంటుంది. పంచాంగాలు, కరపత్రాలు, సాగు విధానాల పుస్తకాలు అన్నీ అంతే. శోధన ఫలితం నుంచి నేరుగా పీడీఎఫ్‌ను తెరిచిన రైతు గూగుల్ అనలిటిక్స్‌లో సందర్శకుడిగా నమోదు కాడు. సందర్శనను గుర్తించే కోడ్ వెబ్ పేజీలో పనిచేస్తుందే గాని పీడీఎఫ్‌లో పనిచేయదు. వెబ్‌సైటులోని లింకును నొక్కి దింపుకున్నప్పుడు మాత్రమే ఆ లెక్క అందుతుంది. సెర్చ్ కన్సోల్‌లో అయితే పీడీఎఫ్‌కు వచ్చిన క్లిక్‌లు కూడా కనబడతాయి. అందువల్ల పీడీఎఫ్‌ను ఒక ప్రత్యేక పేజీ రకంగా గుర్తించి, దాని లెక్కను సెర్చ్ కన్సోల్ నుంచే తీసుకోవాలి. లేకపోతే అత్యధికంగా చదివే సమాచారమే ఎవరూ చదవనిదిగా నివేదికలో తేలే ప్రమాదమున్నది.

ఇంతకన్నా తీవ్రమైన సమస్య మరొకటి. తెలుగు ముద్రణలో చిరకాలంగా వాడుతున్న అను వంటి యూనికోడేతర ఫాంట్లతో తయారైన పీడీఎఫ్ మన కంటికి చక్కని తెలుగులా కనిపించినా, లోపలి అక్షర సంకేతాలు తెలుగువి కావు. శోధన యంత్రం చదివేది పొంతన లేని గుర్తుల వరుసను. రైతు ఎంత సరిగా టైపు చేసి వెతికినా ఆ పుస్తకంలోని వాక్యం దొరకదు. పీడీఎఫ్‌లను యూనికోడ్‌వి, ఇతరమైనవి అని రెండుగా విడదీసి ఇంప్రెషన్లను పోల్చితే ఏ పుస్తకాలను ముందుగా మార్చాలో సంస్థకు స్పష్టమవుతుంది. అనేకమంది శాస్త్రజ్ఞుల శ్రమ ఒక ఫాంటు కారణంగా అజ్ఞాతంలో ఉండిపోవడం విచారకరం.

క్యాలెండరు కాదు, కాలం ముఖ్యం

మే నెలతో జూన్‌ను పోల్చి వృద్ధి అనడం వ్యవసాయంలో చెల్లదు. ఒక ఖరీఫ్‌ను గత ఖరీఫ్‌తోనే పోల్చాలి. రుతుపవనాలు ఆలస్యమైన ఏడాదిలో విత్తన పేజీల రద్దీ కూడా ఆలస్యమవుతుంది. అందుచేత తేదీలకు బదులు తొలకరి నుంచి గడిచిన వారాలను బట్టి పోల్చడం మరింత సమంజసం. సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారాన్ని మాత్రమే నిలువ ఉంచుతుంది. అంటే రెండు ఖరీఫ్‌లను పోల్చడమే కష్టం, మూడింటిని పోల్చడం అసాధ్యం. గూగుల్ అనలిటిక్స్ పాత రూపం 2023 జూలై 1 నుంచి సాధారణ ఖాతాలలో కొత్త సమాచారాన్ని స్వీకరించడం మానివేసింది. ముందుగా భద్రపరచుకోని సంస్థలకు ఆ తరువాత పాత ఏళ్ల గణాంకాలు అందకుండా పోయాయి. ప్రతి నెలా రకాల వారీ పట్టికను సొంత ఫైలులో దాచుకోవడం ఒక్కటే దీనికి మార్గం.

అభ్యంతరాలు, పరిమితులు

రైతులు ఎక్కువగా వాట్సాప్, యూట్యూబ్, పురుగుమందుల దుకాణదారుల మీద ఆధారపడతారు గదా, వెబ్ లెక్కలు ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ మాటలో నిజమున్నది. అయితే రైతు తరఫున వెతికేవారు కూడా ఉన్నారు. చదువుకున్న కుమార్తె, గ్రామంలోని విస్తరణ ఉద్యోగి, వీడియో తయారుచేసే యువకుడు, చివరకు ఆ దుకాణదారుడు కూడా. వారికి విశ్వవిద్యాలయ సిఫారసు దొరకకపోతే వ్యాపార ప్రకటన దొరుకుతుంది. మోతాదు తెలియని మందు పొలంలో పడుతుంది.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. శోధనల సంఖ్య పొలంలోని వాస్తవానికి ప్రతిబింబం కాదు. శోధనల ఆధారంగా ఇన్‌ఫ్లుయెంజా వ్యాప్తిని అంచనా వేయడానికి 2008లో ప్రారంభమైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, 2012-13 సీజనులో అమెరికాలోని ఫ్లూ తీవ్రతను చాలా ఎక్కువగా చూపింది. 2015లో ఆ సేవను నిలిపివేశారు. చీడపీడల పేజీకి రద్దీ పెరిగితే క్షేత్ర పరిశీలనకు వెళ్లడానికి అది సూచన కావాలి గాని, పరిశీలనకు ప్రత్యామ్నాయం కాకూడదు. 2018లో దేశంలో మొదటిసారి మొక్కజొన్నపై గుర్తించిన కత్తెర పురుగు వంటి కొత్త పురుగు వచ్చినప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. వార్తలు చదివి వెతికేవారు, పొలంలో చూసి వెతికేవారు అంకెలలో ఒకేలా కనిపిస్తారు.

తక్కువ సందర్శనలు గల పేజీలను తొలగించడానికి కూడా ఈ లెక్కను వాడకూడదు. అరిక, సామ వంటి పంటల పేజీలకు వరి పేజీలంత ఆదరణ ఎన్నటికీ రాదు. ఆ కొద్దిమంది రైతులకు మరో ఆధారం లేకపోవచ్చు. ప్రతి పేజీని తన రకంలోని పేజీలతోనే పోల్చాలనడంలోని ఉద్దేశం ఇదే.

చేయవలసినది

ప్రతి వ్యవసాయ వెబ్‌సైటు నిర్వాహకులు తమ పేజీలను ఆరు లేక ఏడు రకాలుగా విభజించుకోవాలి. ప్రతి నెలా ఒక్కో రకానికి శోధన ద్వారా వచ్చిన ఇంప్రెషన్లను, క్లిక్‌లను, వెతికిన ముఖ్య పదాలను ఒక పట్టికలో భద్రపరచాలి. ఆ పట్టికను సాంకేతిక సిబ్బంది మాత్రమే గాక సంబంధిత పంటల శాస్త్రజ్ఞులు కూడా సీజనుకు ఒకసారి చూడాలి. రైతు వాడిన పదాలకు అర్థం చెప్పగలిగేది, లోపించిన సలహాను రాయగలిగేది వారే. వార్షిక నివేదికలో మొత్తం సందర్శనల అంకె ఉన్నచోటనే రకాల వారీ పట్టిక కూడా ఉండాలి. పొలంలో ప్రతి మడికి వేరుగా కొలత తీసుకునే శాస్త్రజ్ఞునికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు; దానిని వెబ్‌సైటుకు కూడా వర్తింపజేయడమే మిగిలి ఉన్నది.